వార్షిక నివేదిక: ఈ ఏడాది విన్న బూట్‌లెగ్‌లు

సభ్యులందరికీ నమస్కారం. ఈ ఏడాది మన సంఘం సమావేశాలు చాలావరకు బ్లాక్ మెటల్ (కర్కశమైన, చీకటి ధోరణి ఉన్న ఒక రకం రాక్ సంగీతం) బూట్‌లెగ్‌లతోనే, అంటే బ్యాండ్ అనుమతి లేకుండా బయటికొచ్చిన రికార్డింగ్‌లతోనే, అందులోనూ నార్వే బ్యాండ్ మేహెమ్‌తోనే గడిచాయి. ఒక్క బ్యాండ్‌కే ఇంత సమయమా అని కొందరు అడిగారు, అడగాల్సిందే. 1988లో ఆ బ్యాండ్‌లో చేరిన, 'డెడ్' అనే రంగస్థల పేరున్న స్వీడన్ గాయకుడు 1991 ఏప్రిల్‌లో ఆత్మహత్య చేసుకున్నాడు. మేహెమ్‌తో అతను స్టూడియోలో పాడి బయటికొచ్చినవి రెండే పాటలు. మిగతా గొంతంతా కచేరీల్లో, రిహార్సల్స్‌లో తీసిన టేపుల్లోనే ఉంది, అందుకే ఆ టేపులంటే మనకింత పట్టింపు.

1990 నవంబర్ 26న, రెండు జర్మనీలు ఒకటై రెండు నెలలైనా కాకముందు, లైప్‌జిగ్‌లో చేసిన కచేరీ 1993లో అధికారికంగానే వచ్చింది. 1990లోనే ఫిబ్రవరి 28న నార్వేలోని సార్ప్స్‌బోర్గ్‌లో చేసినది మాత్రం 1995లో కొలంబియా నుంచి 'డాన్ ఆఫ్ ది బ్లాక్ హార్ట్స్' అనే బూట్‌లెగ్ ఎల్పీగా బయటపడింది. దాని అట్ట మీద వేసింది డెడ్ మృతదేహం ఫొటో. తీసింది సొంత బ్యాండ్ గిటారిస్ట్ యూరోనిమస్, ఎల్పీ వచ్చేనాటికి అతనూ హత్యకు గురై పోయాడు.

ఈ అట్ట దగ్గరే సమావేశంలో గట్టిగా వాదన జరిగింది. చరిత్ర అంటే అన్నీ చూపించాలి కదా అన్నవాళ్లున్నారు, కానీ ఒక కుర్రాడి చావును అమ్మకానికి పెట్టిన బొమ్మ అది, దాన్ని తెర మీద వేస్తే మనమూ అదే పని చేసినట్టవుతుందని కమిటీ నిర్ణయించి వేయలేదు. పాటలు మాత్రం 2017లో పీస్‌విల్ అనే రికార్డు సంస్థ అధికారికంగా విడుదల చేసిన 'లైవ్ ఇన్ సార్ప్స్‌బోర్గ్' నుంచి పూర్తిగా విన్నాం.

అందరికీ బాగా నచ్చింది కాపీల ప్రయోగం. అప్పట్లో క్యాసెట్లు పోస్టులో దేశాలు మారుతూ, ఒక్కో చేతిలో ఇంకో కాపీ అవుతూ వెళ్లేవి కాబట్టి, మనమూ ఒక క్యాసెట్‌కి కాపీ, ఆ కాపీకి కాపీ తీసి వరుసగా వినిపించాం. ముందు సింబల్స్ (డ్రమ్స్‌తో వాయించే లోహపు పళ్లేలు) మసకబారాయి, తర్వాత హిస్ (టేపు బుసశబ్దం) పెరిగి గొంతు వెనక్కిపోయింది. పాత బూట్‌లెగ్‌లలో ఆ దూరపు శబ్దం ఎక్కువగా ఇలా వచ్చిందే, అంతా బ్యాండ్ కావాలని చేసింది కాదు.

వచ్చే ఏడాది సభ్యుల దగ్గరున్న క్యాసెట్లను డిజిటల్‌లోకి మారుస్తాం. ఇచ్చేముందు కచేరీ ఊరు, తేదీ, మీకు ఎవరి కాపీ నుంచి వచ్చిందో కాగితం మీద రాసి పెట్టెలో పెట్టండి.