బరువు తగ్గే ఆపరేషన్ తర్వాత హిమోగ్లోబిన్ ఒక్కటే చూస్తే సరిపోదు

సంపాదకులు గారికి నమస్కారం.

గత ఆదివారం మీ పత్రికలో బరువు తగ్గించే ఆపరేషన్ల మీద వచ్చిన వ్యాసం మా ఇంట్లో ఇద్దరం చదివాం. ఎవరికి చేస్తారు, ఎన్ని కిలోలు తగ్గుతారు, షుగర్ ఎట్లా అదుపులోకి వస్తుంది, అన్నీ రాశారు. ఆపరేషన్ అయిన రెండేళ్లకో మూడేళ్లకో ఒంట్లో ఐరన్ పడిపోవచ్చని, అప్పుడు రక్త పరీక్ష రిపోర్టును ఎట్లా చదవాలో మాత్రం ఒక్క ముక్క లేదు. "నా కాగితాలు చూసి రాయి. నలుగురికి తెలియాలె. కానీ పేరు పెట్టకు" అంది మా ఇంటామె. అందుకే ఈ ఉత్తరం.

నేను వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణంలో గుమస్తాని. ఇరవై ఆరేళ్లుగా తక్‌పట్టీలు, అంటే రైతుకు ఇచ్చే సరుకు లెక్క చీటీలు రాస్తున్నాను. డాక్టరును కాను. ఇందులో రాసేదంతా మా ఇంటామె రిపోర్టులు ముందు పెట్టుకుని, డాక్టర్లను మళ్లీ మళ్లీ అడిగి తెలుసుకున్నదే.

ఆమెకు 2021 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో బైపాస్ ఆపరేషన్ అయింది. గుండెకు చేసే బైపాస్ కాదు, కడుపుకు చేసేది. అప్పుడామె బరువు 112 కిలోలు, మోకాళ్లు పట్టేసి మెట్లు దిగలేకపోయేది. ఏడాదిన్నరలో 71 కిలోలకు వచ్చింది. షుగర్ గోలీలు మానేశారు. ఆ ఆపరేషన్ చేయించినందుకు మేం ఇప్పటికీ సంతోషంగానే ఉన్నాం. చెప్పాల్సింది దాని తర్వాతి సంగతి.

2023 ఎండాకాలం నుంచి "నాకు చాతనైతలేదు" అనడం మొదలుపెట్టింది. బరువు తగ్గిన మనిషికి ఓపిక పెరగాలి కదా, ఎండకు ఇట్లా ఉందేమో అనుకున్నాను. జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడింది. ఆపరేషన్ తర్వాత మూడో నెల నుంచి ఆరో నెల దాకా కూడా ఊడింది గానీ, అది బరువు వేగంగా తగ్గినందుకని, దానంతట అదే ఆగుతుందని అప్పుడే చెప్పారు, అట్లాగే ఆగింది కూడా. రెండేళ్ల తర్వాత మళ్లీ మొదలైతే అదే అనుకుని ఊరుకున్నాం. ఇంకోటి, బియ్యం చెరుగుతూ పచ్చి బియ్యం బుక్కుతుండేది. ఫ్రిజ్‌లో ఐసు ముక్కలు తీసి పటపటా నమిలేది. చిన్నప్పటి అలవాటు తిరిగి వచ్చిందని నవ్వుకున్నాం. బియ్యం, ఐసు, సుద్ద, మట్టి తినబుద్ధి కావడం ఐరన్ లోటుకు గుర్తు అని అప్పుడు మాకు ఒక్కరైనా చెప్పి ఉంటే ఆరు నెలలు కలిసొచ్చేవి.

ఆ జూన్‌లో దగ్గరి ఆసుపత్రిలో రక్త పరీక్ష చేయించాం. హిమోగ్లోబిన్ 12.1. ఆడవాళ్లకు 12 ఉంటే చాలు కాబట్టి దాని పక్కన తేడా ఉందని చెప్పే చుక్క గుర్తు లేదు. రక్తంలో అప్పుడున్న ఐరన్‌ను చెప్పే సీరం ఐరన్ 62, దానికీ చుక్క లేదు. "రక్తం బాగానే ఉందమ్మా, టెన్షన్ పడకు" అని పంపించారు. అదే కాగితంలో ఎర్ర కణాల సగటు సైజు చెప్పే ఎంసీవీ 78 అని, ఆ సైజుల్లో తేడా ఎంతో చెప్పే ఆర్‌డీడబ్ల్యూ 17 అని రెండు అంకెలు లావు అక్షరాల్లో ఉన్నాయి. వాటి గురించి వాళ్లు చెప్పలేదు, మేం అడగలేదు. పరీక్షకు పోయే ముందు ఆమె ఐరన్ గోలీ వేసుకునే పోయింది. గోలీ మింగిన కొన్ని గంటలు సీరం ఐరన్ పైకి లేస్తుందని, పొద్దున ఒక తీరు సాయంత్రం ఒక తీరు ఉంటుందని, ఆ ఒక్క అంకెను చూసి ఏదీ తేల్చకూడదని తర్వాత తెలిసింది.

సెప్టెంబర్‌లో జ్వరం వచ్చింది. కీళ్ల నొప్పులతో పది రోజులు మంచం దిగలేదు. అప్పుడు ఇంకో చోట ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతో చెప్పే ఫెరిటిన్ కూడా చూశారు, 38 వచ్చింది. రిపోర్టులో కింది హద్దు 13 అని అచ్చయి ఉంది. మళ్లీ నార్మల్ అన్నారు. ఆ అక్టోబర్‌లో సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట దగ్గరికి పోయాం. 112 కిలోలున్నప్పుడు కూడా చీకటి పడేదాకా ఆడిన మనిషి, రెండు చుట్లు తిరిగి గుండె దడదడ అంటోందని పక్కకొచ్చి కూర్చుంది. పెదవులు తెల్లగా ఉన్నాయి. మా చెల్లె దీపం వెలుతురులో ఆమె కనురెప్ప కిందికి లాగి చూసి, "అన్నా, వదినె ఒంట్ల రక్తం లేదు" అంది. రెండు కాగితాలు నార్మల్ అన్న మాట, ఏ చదువూ లేని మా చెల్లె కాదంది.

మరుసటి వారం హన్మకొండలో ఒక పెద్ద డాక్టరమ్మకు చూపించాం. ఆమె అన్ని పరీక్షలూ ఒకేసారి, పొద్దున పరగడుపున, ముందు రోజు ఐరన్ గోలీ ఆపి చేయించింది. హిమోగ్లోబిన్ 10.4, ఎంసీవీ 74, సీరం ఐరన్ 31, టీఐబీసీ 468, ఫెరిటిన్ 7. ఆ అంకెలు నాకు అర్థం కావాలని నా పని ఏమిటో అడిగింది. మార్కెట్ గుమస్తా అని చెప్పాను. అయితే మార్కెట్ లెక్కలోనే విను అంది.

ఫెరిటిన్ అంటే గోదాములో నిల్వ. హిమోగ్లోబిన్ అంటే దుకాణం ముందు కనిపించే సరుకు. రైతు సరుకు రావడం తగ్గితే దుకాణం ఆ రోజే మూతపడదు, గోదాములోది తీసి అమ్ముతారు. ముందు బస్తాలు కనిపిస్తూనే ఉంటాయి. గోదాము ఊడ్చుకుపోయాకే ముందు సరుకు తగ్గుతుంది. అందుకని ఐరన్ లోటులో హిమోగ్లోబిన్ పడేది బాగా ఆలస్యంగా. జూన్‌లో 12.1 వచ్చిందంటే గోదాము నిండుగా ఉందని కాదు, ఉన్నది తోడి పెడుతోందని. టీఐబీసీ అంటే యార్డులో నిలబడ్డ బండ్ల మొత్తం లెక్క. రక్తంలో ఐరన్‌ను మోసే ట్రాన్స్‌ఫెరిన్ అనే ప్రొటీనే ఆ బండి. సరుకు కరువైతే కాలేయం ఇంకా ఎక్కువ బండ్లను పంపుతుంది, అందుకే ఈ అంకె లోటులో పెరుగుతుంది. 468 బండ్లకు 31 మాత్రమే నిండాయి, అంటే నూటికి ఆరో ఏడో. దీన్నే శాచురేషన్ అంటారు, 20 కంటే తగ్గితే లోటు అన్నట్టే. ఇరవై ఆరేళ్లుగా నేను చూసే యార్డు కాబట్టి ఒక్కసారికే మనసుకెక్కింది.

మరి సెప్టెంబర్‌లో 38 ఎట్లా వచ్చింది? జ్వరం, వాపు, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు నిల్వ పెరగకపోయినా ఫెరిటిన్ అంకె పెరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో 15 కంటే తక్కువైతే లోటు అని, ఒంట్లో వాపు గానీ ఇన్ఫెక్షన్ గానీ ఉంటే 70 కంటే తక్కువైనా లోటుగానే చూడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. ఆ రోజు ఒంట్లో వాపు ఉందో లేదో చెప్పే సీఆర్‌పీ అనే ఇంకో పరీక్ష కలిపి చేసి ఉంటే ఆ 38 మీద అనుమానం వచ్చేది. మామూలు రోజుల్లో కూడా 30 కంటే తగ్గగానే నిల్వ అడుగంటిందని చూసే డాక్టర్లున్నారు. ల్యాబ్ అచ్చు వేసే కింది హద్దు ఒక్కో చోట ఒక్కో తీరు ఉంటుంది. దాని పక్కన చుక్క లేనంత మాత్రాన బాగున్నట్టు కాదు.

ఎంసీవీ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ ఆపరేషన్ అయినవాళ్లను అది ఎక్కువ మోసం చేస్తుంది. ఐరన్ తగ్గితే ఎర్ర కణాలు చిన్నవవుతాయి. బీ12 తగ్గితే పెద్దవవుతాయి. ఈ ఆపరేషన్ తర్వాత రెండూ తగ్గొచ్చు. సన్నగా ఉండే తేజ మిర్చిని, లావుగా ఉండే చపాటాను ఒకే కుప్పలో పోసి సగటు కాయ సైజు కడితే మామూలు కాయే అనిపిస్తుంది. ఎంసీవీ అట్లాంటి సగటే. కుప్పలో ఎన్ని తీర్ల కాయలున్నాయో చెప్పేది ఆర్‌డీడబ్ల్యూ. మా ఇంటామెకు బీ12 కూడా తక్కువే వచ్చింది.

ఐరన్ గోలీ రోజూ వేసుకుంటున్నా ఎందుకు పడిపోయింది అని అడిగాను. తిన్నదాంట్లో ఐరన్ ఎక్కువగా ఒంటికి పట్టేది చిన్న పేగు మొదటి భాగంలో. బైపాస్‌లో తిండి ఆ దారిన పోదు, దాన్ని తప్పించి కిందికి కలుపుతారు. కడుపును చిన్నది చేసినందువల్ల ఆమ్లం తగ్గుతుంది, ఆమ్లం లేకుంటే ఆకుకూరల్లో, పప్పుల్లో ఉండే ఐరన్ సరిగా కరగదు. కడుపును కోసి సన్న గొట్టంలా చేసే స్లీవ్ అనే ఆపరేషన్‌లో పేగు దారి మారదు కానీ ఆమ్లం తగ్గడం అక్కడా ఉంది. దీనికి తోడు గ్యాస్ గోలీ రెండేళ్లుగా ఎవరూ ఆపమనలేదు, మేమూ ఆపలేదు. అది ఉన్న ఆమ్లాన్ని కూడా తగ్గిస్తుంది. మాంసం తింటే బరువుగా ఉందని మానేసింది. నెలసరి ఎక్కువగా అయ్యేది. వీటన్నిటి మీద, పొద్దున ఐరన్ గోలీ, కాల్షియం గోలీ, విటమిన్ గోలీ అన్నీ ఒకే గుక్కలో వేసుకుని వెంటనే చాయ్ తాగేది. ఆ గోలీలు అరచేతిలో పోసి ఇచ్చింది నేనే. కాల్షియానికీ ఐరన్‌కీ కనీసం రెండు గంటల ఎడం ఉండాలి, చాయ్ కాఫీ దగ్గరికి రాకూడదు. డిశ్చార్జ్ కాగితంలో మూడు గోలీల పేర్లు ఇంగ్లీషులో ఉన్నాయి, ఏది ఎప్పుడు వేసుకోవాలో లేదు.

గోలీలో ఎంత ఐరన్ ఉందో కూడా చూసుకోవాలి. 200 మిల్లీగ్రాముల ఫెర్రస్ సల్ఫేట్ అని రాసి ఉంటే అందులో అసలు ఐరన్ 65 మిల్లీగ్రాముల దగ్గర ఉంటుంది. బైపాస్ అయినవాళ్లకు, నెలసరి ఉన్న ఆడవాళ్లకు లోటు రాకుండా ఉండటానికే రోజుకు 45 నుంచి 60 దాకా కావాలంటారు. రక్తహీనత తగ్గించడానికి ప్రభుత్వం నడిపే అనీమియా ముక్త్ భారత్ కింద ఇచ్చే ఎర్ర గోలీలో 60 ఉంటుంది, కానీ గర్భిణులు, పాలిచ్చే తల్లులు కాని ఆడవాళ్లకు అది వారానికి ఒకటే. అది మామూలు కడుపు ఉన్నవాళ్లకు వేసిన లెక్క. మా ఇంటామెకు గోలీలతో అందేటట్టు లేదని రెండు సార్లు సెలైన్‌లో ఐరన్ ఎక్కించారు. అట్లా అని చదివినవాళ్లు సొంతంగా డోసు పెంచుకోవద్దు. ఎంసీవీ తగ్గడానికి తల్లిదండ్రుల నుంచి వచ్చే తలసీమియా అనే రక్త దోషం లాంటి వేరే కారణాలూ ఉంటాయి, ఐరన్ ఎక్కువైనా చెరుపే. ఆపరేషన్ చేసిన చోట పుండు పడి రక్తం పోతుండవచ్చు కూడా, అది డాక్టరే చూడాలి.

సెలైన్ ఎక్కించాక రెండు వారాలకే ఆత్రం ఆగక ఫెరిటిన్ చూపించాం. 600 దాటింది, ఎక్కువ అని చుక్క పెట్టారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వెంటనే చూస్తే అట్లాగే పైకి చూపిస్తుందని, ఎనిమిది వారాలు ఆగాలని డాక్టరమ్మ చెప్పింది. పదో వారం చూస్తే హిమోగ్లోబిన్ 12.6, ఫెరిటిన్ 140. బియ్యం బుక్కడం మాత్రం సెలైన్ ఎక్కించిన కొన్ని రోజులకే మానేసింది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. అంటే చాలామంది ఆడవాళ్లు ఆపరేషన్ బల్ల ఎక్కేటప్పటికే గోదాము సగం ఖాళీగా ఉండొచ్చు. ఆపరేషన్‌కు ముందే ఫెరిటిన్ చూసి, లోటుంటే పూడ్చి ఆ తర్వాత చేయాలని నా మనవి. ఆపరేషన్ చేసే ఆసుపత్రులు ఒక తెలుగు కాగితం ఇవ్వాలి. అందులో హిమోగ్లోబిన్, ఫెరిటిన్, శాచురేషన్, బీ12 పరీక్షలు మొదటి ఏడాది మూడో నెలలో, ఆరో నెలలో, పన్నెండో నెలలో, ఆ తర్వాత ప్రతి ఏడాదీ చేయించాలని ఉండాలి. ఏ గోలీ ఎన్ని గంటలకో ఉండాలి. లక్షలు తీసుకుని చేసే ఆపరేషన్‌కు ఒక కాగితం అచ్చు వేయడం భారం కాదు. ల్యాబుల వాళ్లు రక్తం తీసేటప్పుడు ఈ మధ్య జ్వరం వచ్చిందా, ఐరన్ గోలీ ఎప్పుడు వేసుకున్నారు అని రెండు మాటలు అడిగి రిపోర్టులో రాయాలి.

మీరు కూడా ఒక డాక్టరు చేత ఈ విషయం మీద వివరంగా రాయించి ఆరోగ్యం పేజీలో వేయండి. మా ఇంటామె తర్వాతి పరీక్ష వచ్చే ఫిబ్రవరిలో ఉంది. క్యాలెండర్‌లో ఆ తేదీ చుట్టూ ఎర్ర సున్నా చుట్టి పెట్టాను, ముందు రోజు గోలీ ఆపాలని దాని కిందే రాసుకున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ఎనుమాముల, వరంగల్
(పేరు ప్రచురించవద్దని మనవి)