సర్వర్ స్లో అంటే ఎంత స్లో?

సంపాదకుడు గారికి,

మొన్న ఒక ధ్రువపత్రం కోసం ఆఫీసుకు పోతే, కౌంటర్‌లో అబ్బాయి తల ఎత్తకుండానే "సర్వర్ స్లో ఉంది సార్, మధ్యాహ్నం రండి" అన్నాడు. ఇరవై ఏళ్లుగా డేటాబేస్ పనే చేస్తున్న నాకు ఆ మాట వింటే ఒళ్లు మండుతుంది. ఏ పని స్లో, ఎన్ని సెకన్లు? కొలిచినవాళ్లు ఉంటే కదా చెప్పడానికి!

నాలుగేళ్ల కింద ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి (కమిషన్) దుకాణం ప్రోగ్రాం నేనే చూసేవాణ్ని. పత్తి సీజన్‌లో తక్‌పట్టీ (రైతుకిచ్చే అమ్మకం లెక్క చీటీ) తీసే స్టోర్డ్ ప్రొసీజర్, అంటే డేటాబేస్‌లోనే రాసిపెట్టుకున్న చిన్న ప్రోగ్రాం, ఒక్కోసారి చిటికెలో అయ్యేది, ఒక్కోసారి చక్రం తిరుగుతూనే ఉండేది. రైతు గుమ్మం దగ్గర నిలబడి ఉండేవాడు. సేటు కొత్త సర్వర్‌కు కొటేషన్ కూడా తెప్పించాడు.

రెండు రోజులు ఆగమన్నాను. ప్రొసీజర్ మొదలైన టైం, అయిపోయిన టైం ఒక చిన్న టేబుల్‌లో పడేలా రెండు లైన్లు కలిపాను. అక్కడ వాడిన డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఎస్‌క్యూఎల్ సర్వర్ కూడా ఒక్కో ప్రొసీజర్‌కు మొత్తం ఎంతసేపు పట్టింది, అందులో సీపీయూ ఎంతసేపు పనిచేసింది అని మైక్రోసెకన్లలో లెక్క పెట్టుకుంటుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. ఎక్కువలో ఎక్కువ 48 సెకన్లు పట్టింది. సీపీయూ మాత్రం ఏ ఒక్కసారీ అర సెకను మించి పనిచేయలేదు. అంటే పని బరువు కాదు, దేనికోసమో కాచుకుని కూర్చుంది.

నా టేబుల్‌లో ఆలస్యాలన్నీ పదకొండింటికి, నాలుగింటికి పడ్డాయి. అది చాయ్ టైం. గుమస్తా ఒక ఖాతా సవరణ తెరిచి, సేవ్ నొక్కకుండానే లేచిపోయేవాడు. అతను వచ్చేదాకా ఆ ఖాతా మీద లాక్ (ఇంకెవరూ ముట్టకుండా డేటాబేస్ వేసే తాళం) వదిలేది కాదు, తక్‌పట్టీ దానికోసమే ఆగేది. స్క్రీన్ తెరవగానే ట్రాన్సాక్షన్ (సేవ్ అయ్యేదాకా ఆ తాళం పట్టుకుని ఉండే పని) మొదలయ్యేలా రాసింది నేనే కాబట్టి, అతన్ని ఏమనగలను? లక్షలు పోసి కొత్త మెషీన్ తెచ్చినా అదీ చాయ్ అయ్యేదాకా ఆగేదే.

ఇంతకీ మధ్యాహ్నం మళ్లీ పోతే పని అయింది. "రీస్టార్ట్ చేశాం సార్" అన్నారు సంతోషంగా. అక్కడ ఏ డేటాబేస్ ఉందో గానీ, ఎస్‌క్యూఎల్ సర్వర్ అయితే రీస్టార్ట్‌తో పైన చెప్పిన లెక్కలన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. ఇలాంటి ఆఫీసుల కంప్యూటర్లు చూసేవాళ్లకు నాదొక్కటే మనవి: ఆ బటన్ నొక్కే ముందు ఆ లెక్కలు ఒక ఫైల్‌లోకి తీసి పెట్టుకోండి. రెండు నిమిషాల పని.

- ఒక పాఠకుడు, హనుమకొండ