మీ చెలక కింద ఏముందో చూసి వచ్చాను

దేవరకొండ,
ఆదివారం రాత్రి

ఒరేయ్ శీనూ,

ఫోనులో చెబితే సగం విని "సరే, నువ్వే చూసుకో" అంటావు. అందుకే కూర్చుని రాస్తున్నాను. తీరిగ్గా చదివి, ఆ తర్వాత కాకతో, అదే మీ నాన్నతో, మాట్లాడు.

నువ్వు అడిగినట్లే గురువారం మర్రిగూడ వైపు వెళ్లి మీ చెలకలో భూగర్భజలం కోసం సర్వే చేశాం. ఎండ ముదరకముందే పని కావాలని ఆరింటికల్లా దిగితే, కాక అప్పటికే గట్టు మీద కూర్చుని ఉన్నాడు. చిన్నమ్మ జొన్నరొట్టెలు మూటకట్టి పంపింది. నన్ను చూడగానే కాక అన్న మొదటి మాట, "ఐదో బోరుకు పాయింటు పెట్టించాను, బండి కూడా మాట్లాడాను" అని. బత్తాయి చెట్ల పక్కన ఒక రాయి పాతి, దానికి పసుపు రాసి ఉంది. నీళ్లు చూసేవాడి అరచేతిలో కొబ్బరికాయ లేచి నిలబడిన చోటట. నేను కాదనలేదు. "కాకా, ఆ రాయి దగ్గరే మొదటి సర్వే చేస్తాను. మీటరు ఏమి చూపిస్తుందో మీ కళ్లతో చూడండి" అన్నాను.

ఈ పద్ధతి నీకు ఎప్పుడూ సరిగా చెప్పలేదు కదా. నాలుగు ఇనుప చువ్వలను ఒకే వరసలో నేలలో దిగగొడతాం. బయటి రెండింటి నుంచి కరెంటు పంపి, లోపలి రెండింటి మధ్య ఎంత వోల్టేజీ వచ్చిందో కొలుస్తాం. బయటి చువ్వలను దూరం జరిపేకొద్దీ కరెంటు ఇంకా లోతుకు దిగి తిరిగి వస్తుంది. అంటే పైన దూరం పెంచేకొద్దీ కింద ఇంకా లోతు చూడగలం, కాకపోతే ఆ లోతు పైదూరంలో కొంత భాగమే. కాన్రాడ్ ష్లుంబర్జర్ అనే ఫ్రెంచి ఆయన 1912లో నార్మండీలో ఇలా నేలలోకి కరెంటు పంపి కొలిచాడు. చువ్వలను ఆ వరసలో అమర్చే తీరుకు ఇప్పటికీ ఆయన పేరే.

మే నెల చెలక సంగతి నీకు తెలుసు. పలుగు దిగదు, కరెంటూ దిగదు. ప్రతి చువ్వ చుట్టూ చిన్న గుంట తీసి, చెంబుతో ఉప్పునీళ్లు పోసి, మట్టి తడిసేదాకా ఆగి, అప్పుడు రీడింగ్ తీసుకున్నాం. మీ పాత బోరు కేసింగ్ పైపు, కరెంటు స్తంభాలు దగ్గరగా ఉంటే లెక్క చెడిపోతుంది. అందుకని వరసను పక్కకు తిప్పుకున్నాం. ఈ పనిలో ఓపికంతా ఇక్కడే ఉందిరా. ఎక్కడ చువ్వ కొట్టకూడదో తెలిసినవాడి రీడింగునే నమ్మవచ్చు.

రీడింగులను లాగ్ కాగితం (రెండు వైపులా అంకెలు పదింతలుగా పెరిగే గళ్ల కాగితం) మీద చుక్కలుగా పెడుతూ పోయాను. కాక నా భుజం పక్కన నిలబడ్డాడు. నేల కరెంటును ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకె మొదట్లో యాభై, అరవై ఓమ్-మీటర్లు, అంటే ఎర్రమట్టి, మొరం. చువ్వల దూరం పది మీటర్లు దాటేసరికి గీత గబగబా ఎక్కడం మొదలైంది. నూట ఇరవై, రెండు వందల యాభై, ఐదు వందలు. ఆ కాగితం మీద గీత నలభై ఐదు డిగ్రీల వాలులో ఎక్కుతోందంటే, కింద పగులు లేని గట్టి రాయి ఉందని అర్థం. పసుపు రాయి కింద మొరం ఏడెనిమిది మీటర్లే. ఆ కింద అంతా బండ. కాక ఆ గీత మీద వేలు పెట్టి చివరిదాకా నడిపించాడు. ఏమీ అనలేదు. వెళ్లి చెట్టు కింద కూర్చున్నాడు. నాకు మనసు కలుక్కుమంది.

కాకకు, నీకు కూడా, నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒకటుంది. మన గ్రానైటు నేలలో లోతుకు పోయినకొద్దీ నీళ్లు ఎక్కువ పడతాయన్న నమ్మకమే మన రైతులను ముంచింది. రాయి పైభాగం యుగాలుగా ఎండకు, వానకు చివికి మొరమైంది. దాని కిందనే పగుళ్లున్న పొర ఉంటుంది. నీళ్లు నిలిచేదీ పారేదీ ఎక్కువగా ఈ రెండింటిలోనే. హైదరాబాదు ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు ఫ్రెంచి వారితో కలిసి మహేశ్వరంలో ఏళ్ల తరబడి పరిశీలించారు. మన చౌటుప్పల్ దగ్గర కూడా వారికి బోర్లతో నిండిన ప్రయోగ క్షేత్రం ఉంది. నీటిని పారనిచ్చే పగుళ్లు ఎక్కువగా సుమారు నలభై మీటర్ల లోపే ఉన్నాయని మహేశ్వరంలో తేలింది. అంటే నూట ముప్ఫై అడుగులు. మీ నాన్న నాలుగో బోరు ఆరు వందల అడుగులు. అంత లోతులో ఒక సన్నని పగులు తగిలితే తగలవచ్చు. కానీ పైనుంచి ఏ మీటరుకూ అది చిక్కదు, ఎందుకంటే లోతు పెరిగేకొద్దీ సన్నని పొర ఆనవాలు రీడింగులో కలిసిపోతుంది. ఆరు వందల అడుగుల్లో కచ్చితంగా నీళ్లున్నాయని ఎవరైనా చెబితే నమ్మవద్దు, నేను చెప్పినా సరే.

తర్వాత కాక అడిగిన ప్రశ్న నాకు చాలా నచ్చింది. "మరి ఆ నల్లరాళ్ల వరస సంగతి ఏమిటి?" అన్నాడు. మనం చిన్నప్పుడు సీతాఫలాలకు ఎక్కిన గుట్టే. అది డోలరైటు డైకు. కరిగిన రాయి నిలువు పగుల్లోకి ఎగదన్ని గడ్డకట్టి, నేలలో గోడలా నిలబడింది. మీ చెలకలోకి వచ్చాక పైకి కనిపించదు కాబట్టి అయస్కాంత బలం కొలిచే మాగ్నెటోమీటరు తీశాం. బెల్టు, తాళంచెవులు, ఫోను అన్నీ గట్టు మీద పెట్టి, ఐదేసి అడుగులకు ఒక రీడింగ్ తీస్తూ నడిచాను. ఇక్కడ భూమి అయస్కాంత బలం మామూలుగా నలభై వేల నానోటెస్లాల పైచిలుకు ఉంటుంది. డైకులో అయస్కాంత ఖనిజం ఎక్కువ. అది అడ్డం వచ్చిన చోట అంకె వందల్లో ఎగిరి పడింది. ఆ గోడ మీ చెలకను ఏటవాలుగా కోస్తూ కుంట వైపు పోతోంది.

గోడ ఉంటే మేలే. ఎగువ నుంచి వచ్చే భూగర్భజలం, కట్ట వెనుక చెరువు నిలిచినట్లు, దాని వెనుక నిలుస్తుంది. డైకుకు ఎగువన, మీ తాతగారి మోటబావి పూడిన చోటుకు ముప్ఫై అడుగుల దూరంలో రెండో సర్వే చేశాం. అక్కడ మొరం ఇరవై రెండు మీటర్లు వచ్చింది. గీత మెల్లగా ఎక్కింది, మధ్యలో ఒకచోట ఆగినట్లు కూడా ఉంది. అది పగుళ్ల పొరే అనుకుంటున్నాను. బంకమట్టి ఉన్నా అంకె తగ్గుతుంది, కాబట్టి ప్రమాణం చేసి చెప్పలేను. కానీ నా డబ్బయితే అక్కడే పెడతాను, రెండు వందల అడుగులకు బండి ఆపేస్తాను.

నీళ్లు పడ్డాక మరో పరీక్ష ఉంది. మీటరుకు ఫ్లోరైడు కనిపించదు. గ్రానైటులో ఎక్కువ కాలం నిలిచిన నీటిలో అది కరుగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదు. మన మర్రిగూడ వైపు ఎముకలు వంగినవాళ్లను చూస్తూ పెరిగాం కదా, శీనూ. పటిక, సున్నంతో ఫ్లోరైడును తీసే పద్ధతికి ప్రపంచమంతా నల్లగొండ పేరే పెట్టుకుంది. ఆ పేరు విన్నప్పుడల్లా నాకు గుండె బరువెక్కుతుంది. బోరు నీటిని ల్యాబుకు పంపి, ఫలితం వచ్చాకే చిన్నమ్మను ముట్టుకోమను.

సర్వే మధ్యలో కాక సొరంగం సంగతి ఎత్తాడు. మన వైపుకు కృష్ణా నీళ్లు తేవడానికి తవ్వుతున్న శ్రీశైలం ఎడమ గట్టు సొరంగంలో 2025 ఫిబ్రవరి 22న కప్పు కూలి ఎనిమిది మంది చిక్కుకున్నారు కదా. "అంత పెద్ద మిషన్లున్నా ముందే ఎందుకు కనిపించలేదు?" అని అడిగాడు. పైన నల్లమల కొండ ఉంది, అంత మందం కింద ఉన్న పగులు పైనుంచి కనపడటం చాలా కష్టం అన్నాను. తర్వాత లోపలికి రాడార్ తీసుకెళ్లి వెతికారు. కానీ తడి బురదలో ఆ తరంగాలు త్వరగా ఇంకిపోతాయి, ఇనుము ఉంటే దానికి తగిలి వెనక్కి వచ్చేస్తాయి. ఆ రోజుల్లో నాకు నిద్ర పట్టలేదు.

ఇంకొక పని నీదే. మీ ఎండిన మూడు బోర్లలో ఒకదాని మీద గోనెసంచి, దాని మీద రాయి, అంతే. పక్కింటి పిల్లలు అక్కడే మేకలు తోలుతున్నారు. కాక "చేయిస్తాలే" అన్నాడు కానీ నాకు నమ్మకం లేదు. వెల్డింగు చేసిన మూతలకు డబ్బు పంపు, నేనే దగ్గరుండి వేయిస్తాను.

కాక బోరు బండిని శుక్రవారానికి పిలిచాడు. పసుపు రాయి దగ్గరే వేస్తే మళ్లీ దుమ్మే లేస్తుందని నా భయం. నా మాటకు తల ఊపాడు గానీ, నీ నోటి నుంచి వింటేనే ఆగుతాడు. రేపు పొద్దున ఫోను చెయ్యి. తొమ్మిది తర్వాత కాక చెలకలో ఉంటాడు, అక్కడ సిగ్నలు రాదు.

నీ
మల్లేశ్