మా చెరకు ఎండింది మీ యార్డులో, తక్కువ దిగుబడి మాత్రం మా ఖాతాలోనా?

చక్కెర ఫ్యాక్టరీ కేన్ మేనేజర్ గారికి,

పోయిన నెల రైతుల మీటింగ్‌లో మీ ఆఫీసరు గారు తెర మీద బొమ్మలు వేసి, చిన్న రైతులకి ఎకరా దిగుబడి తక్కువ, సామర్థ్యం లేదు, అందుకే ఫ్యాక్టరీకి గిట్టుబాటు కావట్లేదు అని చెప్పారు. టీ ఇచ్చారు, తాగాం, వచ్చేశాం. అప్పుడే లేచి అడగాల్సింది. నోరు పెగల్లేదు కాబట్టి ఇప్పుడు రాస్తున్నా.

నాది ఎకరా అరవై సెంట్లు. మీరు చెప్పిన రకమే వేశాను, నాటడానికి ముచ్చెలు, అంటే గెడ ముక్కలు, మీరే ఇచ్చారు, ఎరువూ మీ దగ్గరే తీసుకున్నాను, ఖరీదు బిల్లులో కోసుకుంటామన్నారు, సరే అన్నాను. పీక పురుగు వస్తే మందు కొట్టాం, తోట పడిపోకుండా రెండుసార్లు జడచుట్టు వేశాం. డిసెంబరు ఆఖరుకి కటింగ్ ఆర్డర్ వస్తుందని మీ ఫీల్డ్‌మేన్ నోటిమాటగా చెప్పాడు. జనవరి మొత్తం ఆయన ఫోను ఎత్తలేదు. తోట పూత పూసింది, గెడ విరిచి చూస్తే నడుమ బెండు. ఆర్డర్ చేతికొచ్చింది ఫిబ్రవరి 5న.

ఫిబ్రవరి 6న కోత. మీరు పంపాల్సిన ట్రాక్టరు వచ్చింది 9న. అక్కడి నుంచి మీ గేటు ముందు లైన్‌లో రెండు రాత్రులు, ట్రాక్టరు ట్రక్కు కింద దుప్పటి కప్పుకుని పడుకున్నాం. కాటా ఎక్కింది 11న. అప్పటికి గెడల కోసిన మొన ఎర్రబడి, దగ్గరికెళితే పులిసిన కల్లు వాసన. ఆ మీద చెత్త, ఆకు కింద 3 శాతం తీసేశారు. చివరికి బిల్లులో పడింది 31 టన్నులు.

ఇదంతా చూసి మా అబ్బాయి ఒక పని చేశాడు. కోసిన రోజే పది కట్టలు తూచి గట్టు మీద పెట్టాడు, 212 కిలోలు. సరిగ్గా 11వ తేదీన అవే కట్టలు మళ్ళీ తూస్తే 190. అంటే ఐదు రోజుల్లో పదో వంతు గాలికి పోయింది. కోసిన చెరకు ఒక రోజులోపు గానుగ పడాలని మాకు చెప్పింది మీ వాళ్ళే కదా. మా పక్క పొలం ఆయన బెల్లం వండి అనకాపల్లి మార్కెట్‌కి వేస్తాడు, కోసిన రోజే ఆడించేస్తాడు, ఎందుకంటే నిలవ చెరకైతే పాకం సరిగా గట్టిపడదు. ఆయనకి తెలిసింది అంత పెద్ద మిల్లుకి తెలీదా? నేనూ ఆయన గానుగకే వేసేవాణ్ణి, కానీ మీతో అగ్రిమెంటు ఉంది, పైగా మీ అప్పు ఉంది.

పోయింది నా తూకం ఒక్కటే కాదు. రికవరీ, అంటే చెరకులోంచి దిగే పంచదార శాతం, ఫ్యాక్టరీ మొత్తానికి సగటు కట్టి రేటు నిర్ణయిస్తారు. అందరి చెరకూ యార్డులో మాగితే రికవరీ ఎలా పెరుగుద్ది? 2024-25 సీజన్‌కి కేంద్రం ప్రకటించిన ధర 10.25 శాతం రికవరీకి క్వింటాకి 340 రూపాయలు, 9.5 కంటే తగ్గితే 315.10. మాకు వచ్చింది ఆ కింది రేటే.

నా తప్పులు కూడా ఉన్నాయి, కాదనను. కిందటి కార్శిలో, అంటే కోసిన మోళ్ళ నుంచి మళ్ళీ లేచిన తోటలో, ఖాళీలు పూడ్చలేదు. మీరు చెప్పిన ఐదడుగుల సాళ్ళు పెట్టలేదు, పెట్టినా మీ కోత మిషను నా మడిలో తిరగడానికే చోటు లేదు, అది వేరే కథ. కానీ వాటివల్ల పోయేదాన్ని గేటు దగ్గర పోయేదానితో కలిపి మొత్తం నా సామర్థ్యం అనకండి.

ఇక డబ్బు. తూకమైన 14 రోజుల్లో చెల్లించాలి, దాటితే 15 శాతం వడ్డీ ఇవ్వాలని 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వులోనే ఉంది. ఫిబ్రవరి 25కి రావాల్సింది మే 16న వేశారు. 97,681 రూపాయల మీద 80 రోజులకి 3,211 రూపాయలు అవుద్ది. అది ఎక్కడా కనపడలేదు. మీరిచ్చిన ఎరువు అప్పు మీద మాత్రం మే 16 దాకా వడ్డీ లెక్కేసి మరీ కోసుకున్నారు! ఆ చీటీ నా దగ్గర భద్రంగా ఉంది.

నా వడ్డీ వేయండి. పోయిన ఏడాది నేను సంతకం పెట్టిన అగ్రిమెంటు నకలు ఇప్పించండి, ఇంతవరకు కళ్ళతో చూడలేదు. ఆర్డర్ ఇచ్చాక ట్రాక్టరు ఒక రోజు దాటితే ఆ తరుగు ఎవరిదో కాగితం మీద రాయండి.

కార్శి మోకాలెత్తు వచ్చింది. మొన్న మీ ఫీల్డ్‌మేన్ కొత్త అగ్రిమెంటు తెచ్చాడు, అందులో కోత తేదీ దగ్గర గీత మాత్రమే ఉంది. ఆ కాగితం నా దగ్గరే ఉంచుకున్నాను. తేదీ వేయడానికి మనిషిని పంపండి, అప్పుడు సంతకం పెడతాను.

ఇట్లు,
మీ చెరకు రైతు