రేట్లు తగ్గించినాం, ఇంకో కాగితం కూడా అంటిస్తాండాం

అనంతపురంలో మన సెకండ్ హ్యాండ్ బండ్ల యార్డులో బండి కొన్నోళ్ళకి, కొనాలని చూస్తాండే అన్నలకి అక్కలకి అందరికీ నమస్తే.

ఈ మధ్య ఫోన్ చేసే ప్రతి ఒక్కరూ ఒకటే అడుగుతాండారు, కొత్త బండ్ల రేట్లు తగ్గినాయి కదా మీరెంత తగ్గించినారు అని. అడగడం న్యాయమే. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ మారింది, నాలుగు మీటర్లలోపు పొడవుండి పెట్రోల్ అయితే 1200 సీసీ, డీజిల్ అయితే 1500 సీసీ దాటని బండ్లకి పన్ను 18 శాతానికి వచ్చింది, అంతకు ముందు సెస్‌తో కలిపి పెట్రోల్‌కి 29, డీజిల్‌కి 31 కడతాంటిమి. నెక్సాన్, వెన్యూ, సోనెట్, ఈ చిన్న ఎస్‌యూవీలు మూడూ ఈ లెక్కలోకే వస్తాయి. కొత్తది తగ్గినాక పాతదానికి పాత రేటు ఎవరిస్తారు, అందుకని స్టాక్ మొత్తానికి రేట్లు మార్చి రాసినాం, రెండు మూడు బండ్ల మీద మాకు మిగిలేది ఏమీ లేదు, సరే కానీ. బ్రెజ్జా పెట్రోల్ ఒక్కటి 1462 సీసీ కాబట్టి 18లోకి రాలేదు, 45 నుంచి 40కి దిగింది అంతే, అందుకే సెకండ్ హ్యాండ్‌లో కూడా బ్రెజ్జా మిగతావాటంత పడలేదు. దాని మీద బేరం ఆడి ఆడి అలిసిపోవద్దండి, అయ్యే పని కాదు.

ఇంకోటి కూడా చెప్పేస్తా, మాలాంటోళ్ళకి బండి మీద మిగిలే మార్జిన్‌కి జీఎస్టీ ఉంటుంది, చిన్న బండ్లకి అది 12 ఉండేది, 2025 జనవరి నుంచి 18 అయింది. మొత్తం రేటు మీద కాదు, మాకు మిగిలిన దాని మీదే. ఎవరైనా "సార్ జీఎస్టీ 18 శాతం ఎక్స్‌ట్రా" అని బండి రేటు మొత్తానికి లెక్కేసి అడిగితే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

ఇప్పుడు అసలు సంగతి. ఈ నెల నుంచి మా దగ్గర ప్రతి కాంపాక్ట్ ఎస్‌యూవీ అద్దానికి రేటు కాగితం పక్కన ఇంకో కాగితం ఉంటుంది, రాబోయే రెండేళ్ళలో ఆ బండికి ఏమేం ఖర్చు రావచ్చో అందులో మా మెకానిక్ రాస్తాడు. టైర్లు ఇంకెంత కాలం వస్తాయి, క్లచ్ ఎంత అరిగింది, ఇంజన్ లోపలి భాగాలని సరైన టైముకి కదిలించేదానికి టైమింగ్ బెల్ట్ ఉందా చైన్ ఉందా, బ్యాటరీ ఎప్పటిది, సస్పెన్షన్‌లో ఏం కొట్టుకుంటాంది, అన్నీ. ఇట్ల రాస్తే బండ్లు అమ్ముడుపోవు అని మా తమ్ముడు గొడవ, చూద్దాం.

ఏంటికంటే ఈడికొచ్చే వాళ్ళలో సగం మంది చేసేది ఇదే, చేతిలో ఏడు లక్షలుంటే ఏడు లక్షల బండే చూస్తారు, రూపాయి మిగలనీయరు, ఆ తర్వాత మూడో నెలలో నాలుగు టైర్లు మార్చాల్సి వస్తే అప్పు. ఈ బండ్లకి ఎక్కువగా వచ్చే 215/60 ఆర్16 సైజు టైర్లు నాలుగు మంచి కంపెనీవి వేయాలంటే ముప్పై వేలు అటూ ఇటూ పెట్టుకోవాల్సిందే. దానికి తోడు ఇన్సూరెన్స్, పేరు మార్పిడి, ఫస్ట్ సర్వీస్. అందుకే నేను చెప్పేదేమంటే ఏడుంటే ఆరుంబావు బండి కొనండి, మిగిలింది ముట్టుకోకుండా పక్కన పెట్టండి. ఒక వేరియంట్ కింది బండి వస్తుంది, సన్‌రూఫ్ ఉండదు, అనంతపురం ఎండలో సన్‌రూఫ్ తెరిచేది ఎవరప్పా.

గేర్‌బాక్స్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, పెద్ద బిల్లులు వచ్చేది ఆడే. ఆటోమేటిక్ అని అందరూ ఒకే మాట అంటారు కానీ లోపల వేరే వేరే రకాలు, ముఖ్యమైనవి మూడు. ఏఎంటీ అంటే మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్ నొక్కే పని మన కాలు బదులు మోటారు చేస్తుంది, గేరు మారేటప్పుడు తల ఊగుతుంది కానీ చెడిపోతే బాగు చేసుకోగలిగిన ఖర్చు. టార్క్ కన్వర్టర్ పాత పద్ధతి, క్లచ్ బదులు ఆయిల్ ద్వారా ఇంజన్ బలం గేర్లకి పోతుంది, 2020లో వచ్చిన బ్రెజ్జా పెట్రోల్‌లో ఉండే నాలుగు గేర్ల ఆటోమేటిక్ అదే, చురుకుదనం తక్కువ, పెట్రోల్ కొంచెం ఎక్కువ తాగుతుంది, కానీ ఆయిల్ మారుస్తాంటే మొండిగా నడుస్తుంది. మూడోది డీసీటీ, నడపడానికి దాన్ని మించింది లేదు, రెండు క్లచ్‌లు ఉంటాయి, ఒక గేరులో పోతాంటేనే తర్వాతి గేరు రెడీగా ఉంటుంది. చిక్కేమిటంటే ఈ సైజు బండ్లలో ఎక్కువగా ఉండేది డ్రై క్లచ్, అంటే క్లచ్ చుట్టూ చల్లబరిచే ఆయిల్ ఉండదు, ట్రాఫిక్‌లో ఇంచు ఇంచు జరుగుతాంటే క్లచ్ సగం పట్టి సగం వదిలి వేడెక్కిపోతుంది. వారం వారం బెంగళూరు పోయి సిల్క్ బోర్డు దగ్గర గంట సేపు నిలబడే బండికి, తాడిపత్రి రోడ్డులో ఖాళీగా తిరిగిన బండికి మీటర్ మీద కిలోమీటర్లు ఒకటే ఉండొచ్చు, క్లచ్‌లు ఒకటి కావు. పోయిన ఎండాకాలం ఒక టీచర్ సార్ వేరే చోట కొన్న డీసీటీ బండి మా మెకానిక్ దగ్గరికి తెచ్చినాడు, రివర్స్‌లో గట్టు ఎక్కించబోతే వణుకుతాంది. క్లచ్ ప్యాక్, దాన్ని నడిపే యూనిట్ రెండూ మార్చాలని సర్వీస్ సెంటర్‌లో ఇచ్చిన ఎస్టిమేట్ లక్ష దాటింది. ఆయన బండి కొన్నప్పుడు బేరమాడి తగ్గించుకున్నది పదిహేను వేలు.

కాబట్టి ఇక మీదట కంపెనీ వారంటీ మిగిలి లేని డీసీటీ బండి మేం కొనం, అమ్మం. మీరే కావాలని అడిగితే బయట వెతికి పెడతాం, బండి కంప్యూటర్‌ని చదివిన స్కానర్ రిపోర్ట్ చూపించి మీ ఇష్టానికి వదిలేస్తాం.

డీజిల్ సంగతి వేరే. 2020 ఏప్రిల్‌కి ముందు తయారైన బీఎస్4 (బండి పొగ మీద ప్రభుత్వం పెట్టిన పాత ప్రమాణం) డీజిల్ బండి, ముఖ్యంగా 1.3 ఇంజన్ పాత బ్రెజ్జా, మా ఊరి మెకానిక్‌లకి కళ్ళు మూసుకుని విప్పే బండి, స్పేర్లు ప్రతి షాపులో దొరుకుతాయి, దానికుండేది టైమింగ్ చైన్. దాని తర్వాత వచ్చిన బీఎస్6 నుంచి పొగ గొట్టంలో డీపీఎఫ్ అనే ఫిల్టర్ వచ్చింది, మసి పట్టుకుని ఆపి, ఇంజన్ బాగా వేడెక్కి ఒకే స్పీడులో కొంతసేపు పోయినప్పుడు దాన్ని లోపలే కాల్చేస్తుంది. హైవే మీద వారానికోసారైనా పోయేవాళ్ళకి ఏ బాధా లేదు. పొద్దున పిల్లల స్కూలు, సాయంత్రం సప్తగిరి సర్కిల్, ఇంతే తిరిగే బండిలో కాలడం మధ్యలోనే ఆగిపోతుంది, మసి నిండిపోతుంది, కాల్చడానికి ఎక్స్‌ట్రా కొట్టిన డీజిల్ ఇంజన్ ఆయిల్‌లోకి దిగుతుంది. అందుకే బీఎస్6 డీజిల్ చూసేటప్పుడు డిప్ స్టిక్ (ఇంజన్ ఆయిల్ కొలిచే కడ్డీ) లాగి చూడండి, ఆయిల్ మ్యాక్స్ గీత కంటే పైన ఉంటే "ఫుల్‌గా పోసినారులే" అని సంతోషపడొద్దు. ఊర్లో తిరిగే వాళ్ళు మామూలు 1.2 పెట్రోల్ మాన్యువల్ తీసుకోండి, బండిలో థ్రిల్ ఉండదు, బిల్లులో కూడా ఉండదు.

ఎకోస్పోర్ట్, డస్టర్ అడిగేవాళ్ళు చాలా మంది ఉండారు. రెండూ నాకిష్టమైన బండ్లే, మన గుంతల రోడ్లకి డస్టర్ సస్పెన్షన్ ఇప్పటికీ గొప్పే. ఎకోస్పోర్ట్ చేసే ఫోర్డ్ వాళ్ళు 2021 సెప్టెంబర్‌లో ఇక్కడ తయారీ ఆపేస్తామని చెప్పినారు, అప్పటి నుంచి దాని రేటు పడిపోయింది, సర్వీస్ సామాను వస్తాంది కానీ డోరు, లైటు, బంపర్ లాంటివి కావాలంటే ఎదురు చూడాల్సి రావచ్చు. రెండింటి 1.5 డీజిల్‌కీ టైమింగ్ బెల్ట్, తెగితే ఇంజన్ తెరవాల్సిందే, కాబట్టి బెల్ట్ మార్చిన బిల్లు చూపించకపోతే మార్చలేదనే లెక్కేసుకుని రేటు మాట్లాడండి. బెల్ట్‌కి కిలోమీటర్లతో పాటు ఏళ్ళు కూడా లెక్కే, తిరగని బండికి మార్చక్కర్లేదు అనేది తప్పు. ఇంట్లో ఇంకో బండి ఉంటే ఇవి కొనండి, ఉన్నది ఇదొక్కటే అయితే వద్దు.

ఇంకో మాట, సోనెట్ పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో తయారవుతుంది కదా, స్పేర్లు మనకి చౌకగా దొరకవా అని అడిగేవాళ్ళు ఉండారు. దొరకవు సామీ. ఫ్యాక్టరీ గేటు ముందు నిలబడినా అదే ఎమ్మార్పీ.

బయటి బండ్ల గురించి. ఢిల్లీలో డీజిల్‌కి పదేళ్ళు, పెట్రోల్‌కి పదిహేనేళ్ళు దాటితే తిరగకూడదని రూల్ పెట్టినాక ఆడి డీజిల్ బండ్లు ఎన్ఓసీతో (వేరే రాష్ట్రానికి తీసుకుపోవచ్చని ఆర్టీఓ ఇచ్చే కాగితం) కిందికి దిగుతాండాయి, కేఏ నెంబర్ బండ్లయితే మనకి అలవాటే. చౌకగా కనపడతాయి, కానీ ఏపీ నెంబర్ వేయించడానికి లైఫ్ ట్యాక్స్ మళ్ళీ ఇక్కడ కట్టాలి, ఆ లెక్క కలిపినాక చౌక మిగులుతుందో లేదో చూసుకోండి. వరద బండ్లు వేరే తలనొప్పి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడలో వేల బండ్లు మునిగినాయి, 2023 డిసెంబర్‌లో చెన్నై తుఫాను, 2022లో బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు, ఆ బండ్లన్నీ తుక్కుకే పోయినాయని ఎవరూ అనుకోవద్దు, కడిగి పాలిష్ కొట్టి యాడో ఒకచోట అమ్ముతానే ఉంటారు. సీట్ బెల్ట్ చివరి దాకా లాగండి, లోపల దాగి ఉండే భాగంలో బురద చార కనపడుతుంది. సీటు కింద రైలుకి తుప్పు, స్టెప్నీ గుంతలో సన్న మట్టి, ఇవి చూడండి. సెంటు వాసన ఎక్కువుంటే నేనైతే ఆ బండి దగ్గర ఆగను.

మన జిల్లాలో బాగా కనపడే జబ్బు ఒకటుంది, రేడియేటర్‌లో బోరు నీళ్ళు. కూలెంట్ తగ్గితే రోడ్డు పక్కన ఏ బోరో చూసి పోసేస్తారు, ఆ ఉప్పు నీళ్ళకి లోపల గార కడుతుంది, చలికాలం అంతా బాగానే ఉంటుంది, ఏప్రిల్‌లో 42 డిగ్రీల ఎండలో ఏసీ వేసుకుని పోతాంటే టెంపరేచర్ ముల్లు లేస్తుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ డబ్బా చూడండి, రంగు నీళ్ళు స్వచ్ఛంగా ఉంటే సరే, టీ రంగులో మురికిగా ఉంటే రేడియేటర్, వాటర్ పంపు, ఒక్కోసారి హెడ్ గాస్కెట్ దాకా ఖర్చు అనుకోవాలి.

గ్యారంటీ ఇస్తారా అని అడుగుతారు. ఇంజన్, గేర్‌బాక్స్‌కి ఇంతకుముందు మాదిరే మూడు నెలలు, దాన్ని మించి నేను ఇస్తానంటే అబద్ధం. ఆర్సీ మార్పిడి మా పూచీ, అమ్మినాయనకి బండి మీద ఫైనాన్స్ బాకీ ఉంటే ఫారం 35 మీద హైపోతికేషన్ (ఆర్సీలో రాసిన తాకట్టు) తీసేసినాకే మీ చేత డబ్బు కట్టించుకుంటాం. ఇన్సూరెన్స్ మాత్రం పద్నాలుగు రోజుల్లోపు మీ పేరు మీదికి మార్చమని అప్లై చేసుకోండి, పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) మీకు రాదు, అది ఆయనతోనే పోతుంది.

మీ మెకానిక్‌ని తోడు తెచ్చుకోండి, మాకేం కోపం రాదు, బండిని పైకి ఎక్కించి కింద నుంచి చూసుకోవచ్చు. పొద్దున తొమ్మిదిలోపు వస్తే మంచిది, చల్లటి ఇంజన్ స్టార్ట్ అయ్యే శబ్దంలోనే సగం సంగతి తెలుస్తుంది. వచ్చే ముందు రోజు ఏ బండి చూడాలో ఫోన్ చేసి చెప్పండి, దాని తాళం ఆఫీసు బీరువాలో పెట్టేస్తాం, మీరొచ్చి బోనెట్ మీద చెయ్యి పెట్టి చూసేదాకా ఎవరూ స్టార్ట్ చేయరు.