పులిసిపోతున్న సుగంధి సిరప్ గురించి ఫిర్యాదు

నాణ్యతా విభాగం మేనేజరు గారికి,

నమస్కారం. విజయనగరం గంటస్తంభం దగ్గర మాది సోడా, షర్బత్ దుకాణం. మీ సుగంధి సిరప్ ఏళ్ల తరబడి అమ్ముతున్నాం. ఈ ఎండాకాలం వచ్చిన సరుకు మాత్రం మనుషులు తాగేలా లేదు.

మూత తిప్పగానే టప్పుమని గాలి తన్నుకొస్తోంది. వెనకే నురగ సీసా మెడ దాకా పొంగుతోంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే పులిసిన కల్లు వాసన. సీలు తీయని సీసాల సంగతే చెబుతున్నాను. ఇదివరకు ఈ సిరప్ వంచితే తేనెలా తీగ సాగి గ్లాసు అడుగున కూర్చునేది. సబ్జా గింజలు వేసి, చెంచాతో గట్టిగా తిప్పితేగాని సోడాలో కలిసేది కాదు. ఇప్పుడు పోస్తుండగానే కలిసిపోతోంది.

మీ ప్రతినిధికి చెబితే "ఎండలో పెట్టి ఉంటారండీ" అని తేల్చేశారు. సీసాలు లోపలి గదిలో, నీడలోనే ఉన్నాయి. అదే గదిలో పోయినేడాది సరుకు చెక్కుచెదరలేదు. పాకం చిక్కగా ఉంటే అందులో ఈస్ట్ అంత తేలిగ్గా పెరగదు, పలచనైతే చక్కెరని తిని గ్యాసు, ఆల్కహాలు చేస్తుంది. పండ్ల షర్బత్‌కైనా సింథటిక్ సిరప్‌కైనా కరిగిన ఘనపదార్థాలు (ముఖ్యంగా చక్కెర) 65 శాతానికి తగ్గకూడదని ఆహార భద్రత నిబంధనల్లో ఉంది. వడకట్టిన పండ్లరసంతో చేసే కార్డియల్‌కి 30 శాతం చాలు, కానీ అది నిలవ ఉండాలంటే మామూలుగా ప్రిజర్వేటివ్ పడాల్సిందే. మీ లేబుల్ మీదేమో "ప్రిజర్వేటివ్‌లు లేవు" అని పెద్దక్షరాలతో వేశారు. పాకమూ పలచన చేసి, ప్రిజర్వేటివూ వేయకపోతే పులియక ఏమవుతుంది? చక్కెర శాతం కొలిచే రిఫ్రాక్టోమీటర్ మీద రెండు చుక్కలు వేస్తే మీకు నిమిషంలో తెలిసిపోయే విషయం ఇది.

ఒంటికి చలవ చేస్తుందని చంటిపిల్లల తల్లులు అడిగి మరీ సుగంధి షర్బత్ పట్టిస్తారు. వాళ్ల చేతికి ఈ గ్లాసు ఎలా ఇవ్వమంటారు? అందుకే అమ్మకం ఆపేశాను. సీజన్లో బేరం పోతోంది, అది వేరే బాధ.

ఈ బ్యాచ్‌ని మా జిల్లాలోని దుకాణాలన్నిటి నుంచి వెంటనే వెనక్కి తీసుకోండి. నా సరుకు డబ్బు తిరిగి ఇవ్వండి. ల్యాబ్ రిపోర్టు, బ్రిక్స్ (చక్కెర శాతం) అంకెతో సహా, రాతపూర్వకంగా పంపండి. బ్యాచ్ నంబరు కనిపించే ఫొటోలు, బిల్లు నకలు జత చేశాను. సీలున్న సీసాలు కొన్ని పక్కన పెట్టి ఉంచాను. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే వాటిని ఆహార భద్రత అధికారికి అప్పగించి, 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేస్తాను.

ఇట్లు,
మీ సరుకు అమ్మే దుకాణదారు,
విజయనగరం