కార్డ్‌లెస్ మైకుకు ఒక చోటు చూపించండి: కేంద్ర కమ్యూనికేషన్ల మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

పెళ్లి మండపంలో పురోహితుడి మంత్రం మధ్యలో స్పీకర్లు గరగరమని, గొంతు తెగిపోతే అందరూ సౌండ్ కుర్రాడి వైపే చూస్తారు. అతను బ్యాటరీలు మారుస్తాడు, కేబుల్ పీకి మళ్లీ పెడతాడు. లోపం అక్కడ లేదు. మైకు బ్యాటరీ మూత తీస్తే చిన్న స్టిక్కరు మీద 710 అనో, 740 అనో, 780 అనో ఒక నంబరు ఉంటుంది. అది ఆ మైకు పనిచేసే ఫ్రీక్వెన్సీ, మెగాహెర్ట్జ్‌లలో. గొడవంతా ఆ నంబరుతోనే.

700 మెగాహెర్ట్జ్ బ్యాండును 2016లో, 2021లో వేలానికి పెడితే ఎవరూ కొనలేదు. ఆ ఖాళీలోనే చవక కార్డ్‌లెస్ మైకులు ఏళ్ల తరబడి హాయిగా పనిచేశాయి. 2022లో అందులో కొంత భాగం అమ్ముడుపోయింది, 5జీ వచ్చింది. ఈ బ్యాండులో ఫోన్లు టవరుకు పంపడానికి 703 నుంచి 748 దాకా, టవరు ఫోన్లకు పంపడానికి 758 నుంచి 803 దాకా కేటాయించారు. మామూలు మైకు శక్తి 10 నుంచి 30 మిల్లీవాట్లు. ఫోను 200 మిల్లీవాట్ల దాకా వెళ్తుంది. టవరు దూరమైనకొద్దీ, గోడలు మందమైనకొద్దీ అది ఇంకా గట్టిగా అరుస్తుంది. అందుకే ఊరి చివరి ఫంక్షన్ హాళ్లలో ఈ బాధ ఎక్కువ.

దూరం లెక్క కూడా చూడండి. పెళ్లిపీటల దగ్గరి మైకు, దాని సిగ్నల్ అందుకునే రిసీవరుకు 15 మీటర్ల దూరంలో ఉంటుంది. లైవ్ ఇస్తున్న ఫోను రిసీవరు పక్కనే, మీటరు దూరంలో టేబుల్ మీద ఉంటుంది. దూరం 15 రెట్లయితే అందే శక్తి 225వ వంతుకు పడిపోతుంది. ఆ ఫోను ఈ బ్యాండులో పంపుతుంటే, చవక రిసీవరు ముందుభాగంలో సరైన ఫిల్టరు లేక అది పూర్తిగా కమ్మేస్తుంది. రణగొణ హద్దు మీరగానే రిసీవరులోని స్క్వెల్చ్ అనే సర్క్యూట్ సౌండును మూసేస్తుంది. జనానికి వినపడే ఆ 'కట్' ఇదే.

మా చేతిలో ఉన్న జాగ్రత్తలు మేం తీసుకుంటాం. రిసీవరును మనిషి తల కంటే ఎత్తులో, యాంటెన్నాలకు వేదిక నేరుగా కనపడేలా, ఫోన్లకు దూరంగా పెడతాం. 650, 651లో రెండు మైకులు వాడితే వాటి కలయిక వల్ల 649, 652లో కూడా నకిలీ సిగ్నల్ పుడుతుంది కాబట్టి మూడో మైకును అక్కడ పెట్టం. బ్యాండును ఎంచుకోవడం మాత్రం మా చేతిలో లేదు.

700 కంటే కింది ఫ్రీక్వెన్సీలకు దిగుదామంటే 612-652, 663-703 కూడా 2022 వేలంలో పెట్టినవే. అప్పుడు ఎవరూ కొనలేదు, రేపు కొంటే? కొత్తగా కొన్న సెట్టు మళ్లీ అటకెక్కుతుంది. 2.4 గిగాహెర్ట్జ్‌కు 2005 నుంచి లైసెన్సు అక్కర్లేదు. తరగతి గదికి అది బాగానే సరిపోతుంది. వెయ్యి మంది జేబుల్లో వైఫై, బ్లూటూత్ ఉన్న చోట మాట తెగుతుంది, పైగా మనిషి ఒళ్లే ఆ తరంగాలను మింగేస్తుంది. 865-868లోనూ మినహాయింపు ఉంది. కానీ అక్కడున్నది 3 మెగాహెర్ట్జ్‌లే, అందులో వస్తువుల ట్యాగులను రేడియోతో చదివే, వాట్ స్థాయి శక్తి ఉన్న ఆర్‌ఎఫ్‌ఐడీ రీడర్ల పక్కన మైకు నిలబడలేదు.

అమెరికాలో 700 బ్యాండు మైకులకు 2010 జూన్ 12ను గడువుగా ప్రకటించారు. బ్రిటన్‌లో మైకులు వాడుతున్న 69వ టీవీ చానల్ ఖాళీ చేయించినప్పుడు బదులుగా 606-614 చూపించారు, పరికరాలు వదులుకున్నవారికి సాయం కూడా చేశారు. మన దగ్గర బ్యాండు అమ్మారు. మైకు వాడేవాళ్లకు చెప్పిందెవరు?

మంత్రి గారూ, 470-526లో 24 మెగాహెర్ట్జ్‌లు, అంటే మూడు టీవీ చానళ్ల వెడల్పు, 50 మిల్లీవాట్ల దాకా మైకులకు లైసెన్సు లేకుండా వదలండి. జాతరకు, చర్చికి, బడి వార్షికోత్సవానికి అంతే చాలు. దూరదర్శన్ ట్రాన్స్‌మిటర్ నడిచే నగరాల్లో దాని చానల్ తప్పించి మిగిలినవి ఇవ్వండి. పదేళ్ల దాకా వేలం వెయ్యబోమని రాతపూర్వకంగా చెప్పండి. అప్పు చేసి సెట్టు కొనేవాడికి అన్నిటికన్నా ముఖ్యం ఆ మాటే.

వాకీటాకీలను ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు ఫ్రీక్వెన్సీ, ఈటీఏ (పరికరానికి ప్రభుత్వం ఇచ్చే ఆమోదం) వివరాలు చూపాలని 2025లో వినియోగదారుల రక్షణ మార్గదర్శకాలు వచ్చాయి. ఆ నియమాన్నే మైకులకూ వర్తింపజేయండి. నంబరు బ్యాటరీ మూత కింద దాక్కోకుండా పెట్టె పైన పెద్ద అక్షరాల్లో ఉండాలి. 703-803 మైకుల అమ్మకం ఆగాల్సిన తేదీ ప్రకటించి, ముందుగా దిగుమతిదారుల గోడౌన్లకు వెళ్లండి. ఫంక్షన్ హాల్లో కుర్రాడి చేతిలోని మైకు లాక్కోవడంతో తనిఖీ మొదలుపెట్టకండి.

ఇట్లు,
తెలుగు రాష్ట్రాల సౌండ్ సిస్టమ్ పనివారు, రేడియో సాంకేతిక నిపుణులు